పిండి మీద సీతాకోకచిల్క

అరబ్బు ఎడారిల ఉన్న రువైస్ల ఎండ ఎంత గట్టిదంటే, మనిషి నీడ గూడ ఆ మనిషిని ఇడ్సిపెట్టి కంపెనీ బస్సు కిందికి పోయి పండుకుంటది. డ్యూటీ అయినంక ఎవని నీడను వాడు ఏరుకొని పోవాలె. ఒకనాడు తొందరల పర్శరాములు ఒక పఠాన్ నీడను ఏసుకొని క్యాంపుకు వచ్చిండు. అది పొడుగు నీడ, మంచం మీద పట్టలే, కాళ్లు తలుపు బయటికి సాపి పండుకున్నది. తెల్లారి పోయి మార్చుకుందామంటే ఆ పఠాన్ మొకం మాడ్చుకొని ఉన్నడు. "నీ నీడ మంచిదే గని భాయ్, ఒక్క తీర్గ బీడీ అడుగుతది" అన్నడట.

గిసొంటి ముచ్చట్లు పర్శరాములు కాడ గోదాములకు గోదాములు. రువైస్ల పని ఒడిసినంక దుబాయ్‌కు వచ్చి, అల్ ఖూజ్ల ఫోటోలకు ఫ్రేములు కట్టే కార్ఖానల చేరిండు. ఆడికొచ్చినంక ముచ్చట్లు ఇంకింత బలిసినయ్. రువైస్ల వినేటోళ్లు తక్కువ, ఈడ క్యాంపుల మంచం మీద మంచం, మనిషి పక్కన మనిషి. కోరుట్లోళ్లు, నిర్మలోళ్లు, సిరిసిల్లోళ్లు, నడుమ బిహారోళ్లు. పర్శరాములు నోరు తెరిస్తే బిహారోళ్లు తెలుగు రాకుండనే నవ్వేది.

పెండ్లాం సాయవ్వ పోయినంక గూడ ఆ ముచ్చట్లు ఆగలే. నోరు దాని పని అది చేస్తనే ఉన్నది, పైన తిరిగే ఫ్యాన్ లెక్క. కింద మనిషి ఉన్నడా లేడా అని ఫ్యాన్ చూడదు గద.

సాయవ్వ కోరుట్ల దగ్గర ఊర్ల బీడీలు చేసేది. కరోనా రెండోసారి వచ్చినప్పుడు దగ్గు వట్టింది, జగిత్యాల దవఖానకు తీస్కపోయిర్రు, తిరిగి ఇంటికి తేలే. మున్సిపాలిటోళ్లే బట్టల చుట్టి తీస్కపోయి కాల్చిర్రు. అప్పుడు దుబాయ్ కెళ్లి పోవచ్చు గని, ఆడికెళ్లి మల్ల దుబాయ్ వచ్చే దారి బంద్. "పోతే పో, తర్వాత నీ సంగతి నువ్వు చూసుకో" అన్నడు ముదీర్, కార్ఖాన మేనేజరు. పర్శరాములు పోలే. ఎవలో ఫోన్‌ల వీడియో పెట్టి చూపిచ్చిర్రు. పొగ కనవడ్డది. అందరు ఏడుస్తాంటే పర్శరాములు, "కట్టెలు పచ్చివా, ఎండివా?" అని అడిగిండు. ఎందుకడిగిండో ఆయనకే ఎరుక లేదు. ఎండియే అని చెప్పిర్రు. మంచిదన్నడు.

ఏడుపు రాలే. వస్తదేమోనని మంచం మీద కూసున్నడు. పన్ను పీకేముందు సూది ఏస్తే చెంప ఎట్ల మొద్దువారుతది, గట్ల పెయ్యంత మొద్దువారింది. చెంపకైతే పొద్దుమూకేసరికి తిమ్మిరి దిగుతది. ఇది దిగలే. ఒకనాడు అద్దం కోసుకుంట బొటనేలు గూడ కోసుకున్నడు. పక్కన పని చేసే విక్రమ్, "కాకా, ఆ తెల్ల అట్ట మీద ఎర్ర రంగు ఎందుకేస్తానవ్?" అనేదాంక ఆయనకు తెల్వనే లేదు. విక్రమ్ నిర్మల్ పోరడు, పెండ్లీడుకొచ్చినోడు, పని తక్కువ పరాచకాలెక్కువ. ఏలుకు గుడ్డ కట్టిండు. పర్శరాములు ఆ ఏలును ఎవని ఏలో చూసినట్టు చూసిండు.

యాడాది తిరుగుతాంది. రంజాన్ నెల వచ్చింది. అప్పుడు బిడ్డ మంజుల ఫోన్ చేసింది. మంజుల ఒక్కతే బిడ్డ, మెట్‌పల్లిల ఇచ్చిండు.

"బాపూ, అవ్వ యాడాది మాసికం దగ్గరికొచ్చింది."

"ఎరుకే బిడ్డా."

"నువ్వస్తలేవు."

"ఈద్ పనులున్నయ్. ముదీర్ ఇడుస్తలేడు."

ముదీర్‌ను పర్శరాములు అడగనే లేదు. అడగాలె అని అనిపియ్యలే. పోయి ఆడ నిలవడాలె, నలుగురు చూడాలె, కండ్లల్ల నీళ్లు రావాలె. రాకపోతే ఎట్ల?

"సరే, రాకుంటే రాకపోతివి. ఒక్కటి చెప్పు," అన్నది మంజుల. "ఎవలకు పెట్టాలె? కాకికి పెట్టాల్నా, ఆవుకు పెట్టాల్నా, చీమలకు చల్లాల్నా? అవ్వ ఏమై పోయిందో ఎవలు చూడలే కద."

వాళ్ల దిక్కు ఒక పద్ధతి ఉన్నది. మనిషి పోయినంక, ఆ మనిషి పానం ఇడ్సిన జాగల పిండి పరిసి, మీద గంప బోర్లిస్తరు. పోయినోళ్ల వస్తువొకటి పక్కన పెడ్తరు. తెల్లారి గంప ఎత్తి చూస్తరు. పిండి మీద పిట్ట కాలు వడితే పిట్ట, పాము జాడ వడితే పాము, చిన్న పాదం వడితే మల్ల మనిషే. ఏ అడుగు వడితే పోయినోళ్లు ఆ రూపమెత్తిర్రని లెక్క. అది తెలిస్తే ఇంటోళ్లకు కడుపు నిండుతది. యాడాదికి ఆ జీవానికే ముందుగాల ముద్ద పెడ్తరు. సాయవ్వ పానం దవఖాన మంచం మీద పోయింది. దవఖానల ఎవలు పిండి పరుస్తరు?

"మేనత్తను అడిగిన," అన్నది మంజుల. "పెండ్లాం పానం మొగడున్న కాడికే పోతదట. నువ్వున్న జాగల పరవమన్నది. పరిసి చూడు బాపూ."

"దుబాయ్లనా?"

"ఎక్కడైతేంది. పిండి పిండే కద."

"చూస్త తీయ్."

"బాపూ," అన్నది మల్ల. "నాకు ముచ్చట్లు చెప్పకు. ఒంటెలు, నీడలు, అవేవీ ఒద్దు. నువ్వు నిజంగ చూసి, చూసింది చెప్పు."

సరే అన్నడు. ఫోన్ పెట్టేసినంక సరే అన్న మాట ఎటు పోయిందో ఎతికిండు. లోపట ఏం తలుగలే.

ఇగ పిండి ఎక్కడ పరవాలె? క్యాంపు రూముల పరిస్తే తెల్లారేసరికి దునియల ఉన్న కంపెనీలన్నిటి బూట్ల అచ్చులు వడ్తయ్. సాయవ్వ సేఫ్టీ బూటై పుట్టిందని బిడ్డకు చెప్పాలె. సందుల పరిస్తే పిల్లులు. అల్ ఖూజ్ల పిల్లులకు దుకాణాల మీద హక్కు ఉన్నట్టే ఉంటది, లోడు బండ్లు గూడ వాటికి సలాం కొట్టి పక్కకు జరుగుతయ్. అందుకే పర్శరాములు ఆ పనిని పక్కకు పెట్టిండు. మర్చిపోలే, పక్కకు పెట్టిండు.

అప్పుడే ఖాదర్ హుస్సేన్ సాబ్ వచ్చిండు.

ఖాదర్ హుస్సేన్‌ది దుబాయ్ల డేరా బజార్ల అత్తరు దుకాణం. తాత ముత్తాతలది హైదరాబాద్. తెలుగు మంచిగ మాట్లాడుతడు గని, ప్రతి తెలుగు మాటకు ఒక ఉర్దూ మాటను తోడిచ్చి పంపుతడు, ఒంటిగ పోతే దారి తప్పుతదేమో అన్నట్టు. దుకాణాన్ని ఈద్‌కు కొత్తగ చేస్తాండు. గోడ మీద పెట్టనీకి తాత దాసిన బొమ్మలు తెచ్చిండు. చంకల పాత బిస్కెట్ల డబ్బ.

మూత తీస్తే లోపట అట్ట ముక్కలు. అరచెయ్యంతయి. ముంగట రంగుల బొమ్మ, వెనక ఇంగిలీషు అచ్చు.

"వీటిని జర సంభాల్‌కే పట్టుకో పర్శరాం భాయ్. ఇవి నీకన్న, నాకన్న, మనిద్దరి బాపులకన్న పెద్దయ్," అన్నడు.

"ఏంది సాబ్ ఇవి, పేకలా?"

"పేకలు కాదు. ఆ జమానాల టీవీ లేదు, రేడియో లేదు. విలాయతి కంపెనోడు దారం రీలు అమ్మితే, సబ్బు అమ్మితే, దాంతోని ఒక బొమ్మ ముఫ్త్‌గ చేతిల పెట్టేది. వెనక సరుకు పేరు, ముంగట బొమ్మ. బొమ్మ మీద మనసుతోని మల్ల అదే సరుకు కొంటరు. మా తాత సెంటు సీసలు, సబ్బులు, దారాలు, అన్ని తెప్పిస్తాంటే వాటితోని వచ్చినయ్. పిల్లలకు పంచమంటే పంచలే, దాసుకున్నడు."

పర్శరాములు ఒక్కొక్కటి బల్ల మీద పరిసిండు. చూస్తే అన్నిట్ల సీతాకోకచిల్కలే. సబ్బు మీద సీతాకోకచిల్క, దారం మీద సీతాకోకచిల్క, సెంటు మీద, దగ్గు మందు మీద సీతాకోకచిల్క, బూట్ల పాలిష్ మీద గూడ.

"వీళ్లకు ఇంకో జీవం తెల్వదా సాబ్?"

ఖాదర్ నవ్విండు. రంజాన్ ఉపాసం, రోజా మీదున్నడు, పెదిమలు ఎండినయ్, అయినా చెప్పుడు ఆపలే. స్టూలు జరుపుకొని కూసున్నడు.

"వాళ్లు అకల్‌మంద్ మనుషులు. సబ్బు మీద ఎందుకేసిర్రు? నిన్నటిదాంక పురుగు, ఇయ్యాల రెక్కలు. మా సబ్బు రుద్దుకుంటే నువ్వు గూడ గట్లనే మారుతవ్. దారం మీద ఎందుకంటే, పట్టు గూడ పురుగు గూట్లకెళ్లే వస్తది. మందు మీద ఎందుకంటే, మంచాన వడ్డోడు మల్ల లేస్తడని. సెంటు మీద ఎందుకంటే, వాసన కంటికి కనవడది, చేతికి దొరకది, ఎగిరిపోతది. వాళ్లు అమ్మేది సరుకు కాదు మియా. మారిపోతవ్ అనే మాటను అమ్మేది."

"బూట్ల పాలిష్?"

"అది మాత్రం నాకు సమజ్ కాలే. బొమ్మ మిగిలిపోయి ఏసి ఉంటరు."

పర్శరాములు చేతిల ఇంకో అట్ట ఉన్నది. దారం కంపెనీది. ఒక దొరసాని పీట మీద కూసొని ఒళ్లె చాట లెక్కటిది పెట్టుకున్నది. చేతిల దారం పోగు. చాటల కెళ్లి సీతాకోకచిల్కలు లేస్తున్నయ్, పసుపువి, నీలంవి, రెక్కల మీద మెరిసే పొడి అద్ది. దొరసాని తల జరంత వంచి దారాన్ని చూస్తాంది. సాయవ్వ గూడ గట్లనే వంచేది, బీడీకి దారం చుట్టేటప్పుడు.

బొమ్మ దిక్కు చాన సేపు చూసిండు. ఏమన్న అనిపిస్తదేమోనని చూసిండు. మెడ జరంత నొచ్చింది, గంతే.

"అది ఉన్నది చూడు," అన్నడు ఖాదర్, "దాంట్ల ఇంకో మతలబు ఉన్నది. విలాయతోళ్లు పాత కాలం సంది పానం బొమ్మ, రూహ్ బొమ్మ గీయాలంటే సీతాకోకచిల్క గీస్తరు. మనిషి పోతే గూడు ఈడ మిగులుతది, రెక్కలది ఎగిరిపోతది. సమాధుల మీద గూడ చెక్కిచ్చుకుంటరు. దారం అమ్మేటోనికి అది ఎరుకై ఏసిండో, ఎరుక లేక ఏసిండో. నాకైతే దీన్ని నడుమ పెట్టు. డబ్బ మొత్తంల నాకు ఇష్టమైంది అదే."

"పోయినోళ్లు సీతాకోకచిల్కలైతరా సాబ్?"

"మా దాంట్ల లేదు. వాళ్ల దాంట్ల బొమ్మల వరకు అంటరు. నీకెందుకు?"

"ఊకెనే," అన్నడు పర్శరాములు. ఆ తర్వాత ఒక ముచ్చట చెప్పిండు, కోరుట్లల ఒక సీతాకోకచిల్క బస్సు టికెట్ కొని కిటికీ పక్కన కూసున్న ముచ్చట. కండక్టర్ రెక్కలకు వేరే లగేజీ టికెట్ కొట్టిండట. ఖాదర్ హుస్సేన్ కడుపు పట్టుకొని నవ్విండు. రోజా లేకుంటే ఇప్పుడే ఒక చాయ్ తాగిపిస్తుంటి అన్నడు.

ఆయన పోయినంక పర్శరాములుకు పక్కకు పెట్టిన పని యాదికొచ్చింది.

పాత కాయితాలను గోందుతోని అంటిస్తే మరకలు వడ్తయ్. గోధుమ పిండి ఉడికిచ్చి లై చేసి, దాంతోని అంటియ్యాలె. అందుకే కార్ఖానల ఎప్పుడు ఒక పిండి బస్తా ఉంటది. లై కలిపే ప్లాస్టిక్ తొట్టి ఉంటది, బోర్లిస్తే గంపే. శనివారం రంజాన్ టైము, పగటీలికే పని బంద్. ఆదివారం కార్ఖాన తెరవరు. మనుషుల కాళ్లు వడయ్, పిల్లులు రావు. ఇంతకంటె మంచి జాగ దుబాయ్ మొత్తంల దొరకది.

ఒక్కటే తక్కువ. పోయినోళ్ల వస్తువు. సాయవ్వది ఆయన కాడ ఏమున్నది? ఫోన్‌ల ఫోటో ఉన్నది. ఫోన్‌ను తొట్టి కింద పెడితే ముదీర్ ఫోన్ చేస్తే ఎట్ల? సాయవ్వ చీర కొంగు ముక్క లేదు, గాజు లేదు, కత్తెర లేదు. ఇన్నేండ్లు దుబాయ్ పోయేటప్పుడు అటుకులు కట్టిచ్చింది, మామిడికాయ తొక్కు కట్టిచ్చింది. అవన్ని తిన్నడు. తినేటివి కాక ఏం తెచ్చుకోలే.

అందుకని దొరసాని బొమ్మను పెట్టిండు. అందరు పోయినంక బల్ల తుడిసి, పిండి జల్లెడ పట్టి, పెండ్లి పందిట్ల ముగ్గేసినట్టు సమంగ పరిసిండు. నడుమ బొమ్మను ఆనిచ్చి నిలవెట్టిండు. తొట్టి బోర్లిచ్చి, కింద జీవం దూరనీకి ఏలంత సందు ఇడ్సిండు. సాయవ్వ అని పిలవాలె. పిలిచిండు. కార్ఖానల ఏసీ సప్పుడు తప్ప ఏం లేదు. తాళమేసి బస్సెక్కిండు.

ఆదివారం క్యాంపుల బట్టలు పిండిండు. బిహారోళ్లకు ఇసుక తుఫాన్‌ల కొట్టుకపోయి మూడో దేశంల దిగిన బకెటు ముచ్చట చెప్పిండు. నడుమల యాదికొస్తాంది, ఇప్పుడు తొట్టి కింద ఏదో ఒకటి నడుస్తాంటదని. సీతాకోకచిల్కైతే మంచిగుండు అనుకున్నడు. కాకి అయితే అందరు అదిలిస్తరు. కుక్క అయితే రాళ్లేస్తరు. సీతాకోకచిల్కను ఎవలు ఏమనరు. బిడ్డకు చెప్పనీకి గూడ సక్కగుంటది. ఇప్పటికే నోట్లె ఆ మాటలు పేరుకుంటున్నయ్.

సోమవారం పొద్దుగాల విక్రమ్ కన్న ముందే పోయి తాళం తీసి, తొట్టి ఎత్తిండు.

పిండి నిండ గీతలు. సన్నగ, జంటలు జంటలుగ, వంకరటింకర, అటు పోయి ఇటు వచ్చి, మేస్త్రీకి పిచ్చి లేసి ప్లాను గీసినట్టు. ఒక మూల నల్లటి గింజలు. పర్శరాములుకు చూడంగనే ఎరుకైంది. దుబాయ్ల ఇన్నేండ్లు ఉన్నోనికి ఎరుక కాకుంటె ఎట్ల, రూముల, బాత్రూముల, సొరుగుల ఆ జాడలతోనే కాపురం. బొద్దింకలు.

బొమ్మ బోర్ల వడ్డది. తీసి చూసిండు. దొరసాని ఉన్నది, పీట ఉన్నది, దారం ఉన్నది. సీతాకోకచిల్కలు లేవు. మెరిసే పొడి ఏ జిగురుతోని అద్దిర్రో, ఆ జిగురు రుచికి రెక్కలు రెక్కలు కొరుక్కతిన్నయ్. చాట మీద తెల్లటి బొక్కలు మిగిలినయ్. దొరసాని తల వంచి ఆ బొక్కలను చూస్తాంది.

"కాకా, ఇదేంది?" విక్రమ్ వచ్చి పక్కన నిలవడ్డడు. "బల్ల మీద రొట్టెలు చేసినవా?"

పర్శరాములు చెప్పిండు. విక్రమ్ నవ్వుదామనుకొని ఆగిండు. వాళ్ల నిర్మల్ దిక్కు గూడ ఆ పద్ధతి ఉన్నది.

"మా తాతకు పరిసినప్పుడు ఎలుక వడ్డది," అన్నడు. "మా నాయినమ్మ అదే ఇంట్ల ఇంక బోను పెట్టనియ్యలే. బియ్యం అన్ని తాతనే తిన్నడు." కొరికిన బొమ్మను చూసి, "సాబ్‌కు ఏం చెప్తవ్? ఏసీ నీళ్లు కారినయ్ అను. లేకుంటే నీ ముచ్చట్ల సంచిల కెళ్లి ఒకటి తీయ్. నీకు కొదవా?"

ఖాదర్ హుస్సేన్ పగటీలి వచ్చిండు. పర్శరాములు నోరు తెరిసిండు. నిజంగనే నాలుక మీద మూడు రకాల ముచ్చట్లు కాళ్లు ఊపుకుంట కూసున్నయ్. గని నోట్లెకెళ్లి వచ్చింది మాత్రం ఉన్నదున్నట్టే వచ్చింది. సాయవ్వ, దవఖాన, పిండి, బిడ్డ అడిగిన మాట. చెప్పుకుంట చెప్పుకుంట, ఎవలో ఇంకొకల సంగతి చెప్తున్నట్టు అనిపిచ్చింది.

ఖాదర్ బొమ్మను ఎలుతురుకు పట్టి చూసిండు. బొక్కల్లకెళ్లి ట్యూబులైటు కనవడ్డది. మొకం ఎర్రగైంది.

"నేను రోజా మీదున్న," అన్నడు మెల్లగ. "ఇప్పుడు తిడితే నా రోజా ఖరాబ్ అయితది. పొద్దుమూకి మగ్రిబ్ నమాజు అయినంక ఫోన్ చేసి తిడుత. ఫోన్ ఎత్తు."

"ఎత్తుత సాబ్."

బొమ్మను బల్ల మీదనే పెట్టి పోయిండు. పర్శరాములు మిగిలినయి అన్ని ఆ రోజే లై పెట్టి అంటిచ్చిండు. నడుమ బూట్ల పాలిష్‌ది పెట్టిండు.

మగ్రిబ్ అజాన్ అయింది, క్యాంపుల ఖర్జూరాలు పంచిర్రు, ఫోన్ మోగింది. ఖాదర్ హుస్సేన్ మాటిచ్చినట్టే తిట్టిండు. తాతను తలుసుకొని తిట్టిండు, సెంటు సీసలను తలుసుకొని తిట్టిండు, ఉర్దూల మొదలువెట్టి తెలుగుల ఒడగొట్టిండు. ఆ తిట్లకు ఫోన్ బరువెక్కి పర్శరాములు రెండు చేతులతోని పట్టుకున్నడు. హా సాబ్, హా సాబ్ అన్నడు. తిట్లు అయిపోయినయ్. అటు దిక్కు నీళ్లు తాగిన సప్పుడు వచ్చింది.

"ఇగ చెప్పు. పిండి మీద ఏం వడ్డది?"

"బొద్దింకలు సాబ్."

అటు దిక్కు గిలాస కింద పెట్టిన సప్పుడు వచ్చింది.

"లాహౌల్," అన్నడు ఖాదర్. మల్ల, "బిడ్డకు ఏం చెప్తవ్ మరి?"

"తెల్వది."

"ఆ బొమ్మ నువ్వే ఉంచుకో. రెక్కలు లేని దాని కింద అత్తరు ఎవలు కొంటరు? ఖలాస్," అని పెట్టేసిండు.

తెల్లారి పొద్దుమూకినంక మంజుల ఫోన్ వచ్చింది. పర్శరాములు క్యాంపు బయటి మెట్ల మీద కూసున్నడు. కంపెనీ బస్సులు వచ్చి మనుషులను దించి పోతున్నయ్. ఎవని టిఫిన్ డబ్బ వాడు పట్టుకొని నడుస్తాండు.

"చూసినవా బాపూ?"

"చూసిన బిడ్డా."

"ఏం వడ్డది?"

పిల్ల గొంతు ఆశ మీద ఉన్నది. ఆ గొంతు వింటే బొద్దింక అనే మాట నోట్లెకు రాలే. ఏ తండ్రికి వస్తది? బిడ్డ ముంగట అవ్వను అంత మాట అననీకి.

"సీతాకోకచిల్క," అన్నడు. అన్నంక ఇగ బండి దానంతట అదే నడిసింది. "పసుపుది. ఇంత పెద్దది, చాటంత. కిటికీల కెళ్లి వచ్చింది, బల్ల మీద దిగింది, పిండి మీద మెల్లగ నడిసింది, బొట్లు పెట్టినట్టు అడుగులు. నా దిక్కు చూసి రెక్కలు ఒక్కసారి ఊపింది. మల్ల వచ్చిన దారినే పోయింది. ఈడ విలాయతోళ్ల పద్ధతిల గూడ అంతేనట, మంచి మనుషుల పానం సీతాకోకచిల్క అయితదట. మా సాబ్ చెప్పిండు. బొమ్మలు గూడ ఉన్నయ్."

మంజుల మొత్తం విన్నది.

"బాపూ, అవ్వకు సీతాకోకచిల్కలంటే గిట్టది."

"ఎందుకు గిట్టది?"

"ఎందుకేంది. అది గుడ్లు పెడితేనే గద గొంగడి పురుగు. పురుగు తింటేనే గద తునికాకుకు బొక్కలు. బొక్కల ఆకుతోని బీడీ చుడితే టేకేదారు కట్టకు కట్ట తీసి అవతల పారేసేది. వాకిట్ల సీతాకోకచిల్క కనవడితే అవ్వ చీపురు పట్టుకొని ఉరికేది, నీ పిల్లలే నా నోటికాడి బుక్క తింటున్నరు అని. పానం పోయినా అది కాదు. ఇంకేదన్న అయితది గని అది కాదు."

పెండ్లయిన సంది సాయవ్వ చీపురు పట్టుకొని సీతాకోకచిల్క ఎంబడి ఉరికింది పర్శరాములు ఒక్కసారి గూడ చూడలే. సెలవుల మీద పోయినప్పుడు చుట్టాలు వచ్చేటోళ్లు, కోడి కోసేటోళ్లు, బీడీల చాట ఎత్తి గూట్లె పెట్టేది.

"నాకు ఎరుక లేదు బిడ్డా."

"నువ్వు ఎప్పుడు చూసినవ్ తీయ్," అన్నది మంజుల. తప్పు పట్టినట్టు అనలే. ఎండ కొడుతాంది అన్నట్టు అన్నది. "నిజంగ ఏం వడ్డది?"

ఒక బస్సు వచ్చి ఆగింది. దాని బ్రేకు సప్పుడు అయిపోయేదాంక ఆగిండు.

"బొద్దింకలు."

లైన్ కట్ అయిందేమోనని ఫోన్‌ను చూసుకున్నడు. కాలే.

"మస్తు వడ్డయా?"

"మస్తు. పిండి నిండ. మా సాబ్ బొమ్మను గూడ తిన్నయ్."

"నీకేమనిపిచ్చింది బాపూ?"

"ఏం అనిపియ్యలే." ఇంకో మాట లోపట ఇరుకున వడ్డట్టు ఉన్నది. అదీ చెప్పిండు. "అప్పటి సంది ఏం అనిపిస్తలేదు బిడ్డా. మీ అవ్వను కాల్చినప్పుడు గూడ ఏం అనిపియ్యలే. ఏడుపు రాలే. అందుకే వస్తలేను. ముదీర్ ఆపుతలేడు. నేనే అడగలే."

మంజుల ఏడుస్తదనుకున్నడు. ఏడ్వలే.

"నాకు గూడ రాలే," అన్నది. "ఆ రోజు అందరు నా ఈపు నిమిరిర్రు, ఏడ్వు బిడ్డా, ఏడిస్తే దిగుతది అని. కొంగు మొకం మీద ఏసుకొని కూసున్న. కొంగు కింద పొయ్యి మీది పాల సంగతి యాదికొచ్చింది, పొంగిపోయినయేమో అని. పిండి చూస్తే, ఏదన్న ఒకటి అని తెలిస్తే వస్తదేమో అనుకున్న."

"వచ్చిందా?"

"లేదు. నవ్వొస్తాంది."

"నవ్వు మరి."

నవ్వింది. చిన్నగ, ముక్కుల కెళ్లి. పర్శరాములు గూడ నవ్విండు. మెట్లెక్కుతున్న బిహారోడు ఈ నవ్వు చూసి, ఇంకో ముచ్చట పుడుతాందనుకొని జర ఆగి, పోయిండు.

"ఎవలకు పెడ్తవ్ మరి?" అని అడిగిండు పర్శరాములు.

"అందరికి పెడ్త. గోడ మీద ఒక ఆకు, వాకిట్ల ఒక ఆకు, పొయ్యి పక్కన ఒక ఆకు. ఎవలు తింటే వాళ్లకే."

"పొయ్యి పక్కన ఎందుకు?"

"బొద్దింకలు ఆడనే తిరుగుతయ్ గద. ఆ రోజు వరకు మందు గూడ కొట్టద్దని చెప్త ఇంట్ల."

"మీ అత్త ఏమంటదో."

"ఏమన్నంటే, మా అవ్వ అని చెప్త."

బస్సులు అయిపోయినయ్.

"ఏం వండుతవ్?"

"అవ్వకు ఇష్టమైంది."

పర్శరాములు అవును అనబోయిండు. పేరు చెప్పబోయిండు. సాయవ్వకు ఇష్టమైన కూర ఏందో ఎతికిండు. మామిడికాయ తొక్కు గుర్తుకొచ్చింది, అటుకులు గుర్తుకొచ్చినయ్, అవి ఈయనకు ఇష్టమైనయి, ఆమె కట్టిచ్చినయి. కోడి కూర ఆమె వడ్డిచ్చేది. ఆమె ఏం తినేదో, ఎప్పుడు తినేదో.

"ఏందో చెప్పాల్నా బాపూ?" అన్నది మంజుల.

"చెప్పు బిడ్డా."

ఆమె మొదలువెట్టింది. చింతచిగురు ఎండవెట్టి దంచుడు కాడ మొదలైంది, ఎంతకు కూర దాంక రాలే. నడుమ ఎవలింటి చెట్టో, ఎవలో చూడకుండ అవ్వ కొమ్మెట్ల వంచిందో అంత చెప్తాంది. పర్శరాములు మెట్టు మీద గోడ దిక్కు జరిగి, ఫోన్‌ను ఇంకో చెవికి మార్చుకున్నడు. నడుమ నడుమ ఊ కొడుతాండు.